అష్టమి, నవమి పోనీ

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఫోను మోగింది. నేను రసానికి తాలింపు పెడుతున్నాను. అవతల ఎవరో అమ్మాయి, గొంతు వింటే ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, తమిళంలో గబగబా అడిగింది. రెడ్డియార్‌పాళయం ఆర్. దామోదరన్ ఇల్లేనా, వయసు అరవై ఏడేనా, పొద్దున కల్యాణ మండపంలో పెట్టిన గుండె పరీక్షల శిబిరానికి వచ్చారా అని. అన్నిటికీ అవునన్నాను.

"అయితే ఆయన్ని వెంటనే హాస్పిటల్‌కు తీసుకురండమ్మా. ఇసిజిలో గుండె లయ తప్పి ఉంది. నిమిషానికి ముప్పై నాలుగు సార్లే కొట్టుకుంటోంది. ఎప్పుడైనా స్పృహ తప్పవచ్చట. బండి తోలనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పమన్నారు."

తాలింపు మాడిపోయింది. పొయ్యి ఆపి మా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ మోతకు చెవులు మందగించాయి, అందుకని మా ఇంట్లో రహస్యాలు కూడా అరిచే చెప్పుకోవాలి. నేను అరిచి చెప్పాను. ఆయన కుడిచేత్తో రొమ్ము తడుముకున్నాడు, గుండె ఎడమవైపు ఉంటుందని గుర్తొచ్చి చెయ్యి మార్చాడు.

"నాకేమీ కాలేదే, గుండ్రాయి మాదిరి ఉండా" అన్నాడు. ఆ మాట అన్న మరుక్షణం నుంచి ఆయాసం మొదలైంది. అప్పటిదాకా మూడు మెట్లు ఒక్క అంగలో ఎక్కే మనిషి, గోడ పట్టుకొని మంచం దాకా నడిచాడు.

వెంటనే వెళ్ళాల్సింది. గోడమీది క్యాలెండరు చూసింది నేనే, ఆయన కాదు. సోమవారం అష్టమి, మంగళవారం నవమి. మా ఇళ్ళలో ఆ రెండు రోజులు కొత్త చీపురు కూడా కొనం, ఇంక ఆసుపత్రి గడప తొక్కడమా? బుధవారం దశమి, దివ్యంగా ఉంది. "అష్టమి, నవమి పోనీండి, బుధవారం పోదాం" అన్నాను. ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. భయపడ్డ మనిషికి వాయిదా అంత తీపి ఇంకేదీ ఉండదు.

సోమవారం ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. బుధవారం వస్తున్నామన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. "ప్రాణం మీది, చెప్పాల్సింది చెప్పాను" అని పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. మా ప్రాణం, మా ఇష్టం అనుకున్నాను.

ఆ మూడు రోజులు ఆయన సరిగ్గా తినలేదు. మణికట్టు పట్టుకొని కూర్చునేవాడు, నాడి దొరక్కపోతే నా వైపు చూసేవాడు. మూలకుళంలో ఉన్న మా కూతురు తమిళరసికి కూడా చెప్పనివ్వలేదు. మంగళవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి ఒక మాట అన్నాడు.

"తిలగా, నేను పోతే వాడికి కబురు పెట్టొద్దు. వచ్చినా వాకిట్లోనే నిలబెట్టు."

వాడంటే ఆయన చిన్నాన్న కొడుకు, నాకు మరిది. మా వీధిలోనే, ఏడు ఇళ్ళ అవతల ఉంటాడు. ఆయన పేరు కూడా దామోదరన్. తాత పేరు మొదటి మనవడికి పెట్టాలి కదా. మా మామగారికీ ఆయన తమ్ముడికీ మొదటి కొడుకులు నాలుగు నెలల తేడాతో పుట్టారు. ఎవరూ తగ్గలేదు, ఇద్దరికీ ఆ పేరే పెట్టారు. మా మామగారు రంగరాజన్, చిన్న మామగారు రఘునాథన్, కాబట్టి ముందుండే అక్షరం కూడా ఒకటే అయింది. కాగితం మీద ఇద్దరూ ఆర్. దామోదరన్లే. వీధిలో మాత్రం మా ఆయన మిల్లు దామోదరన్, మరిది వ్యాను దామోదరన్. మరిది నలభై ఏళ్ళుగా వ్యాను నడుపుతున్నాడు. పెళ్ళిళ్ళకూ గుళ్ళకూ మా వాళ్ళందరినీ తిప్పేది ఆయనే.

పదకొండేళ్ళుగా ఈ రెండు ఇళ్ళకూ మాటల్లేవు. తమిళరసి పెళ్ళికి పత్రిక తీసుకొని, తాంబూలం పళ్ళెంతో మేమిద్దరం వాళ్ళ ఇంటికి వెళ్ళి పిలవాలి. మా ఆయనకు ఆ వారమంతా రాత్రి షిఫ్టు. ఏడు ఇళ్ళ దూరమే కదా అని పత్రికను పూలమ్మే ఆవిడ చేతికిచ్చి పంపాడు. మరిది పెళ్ళికి రాలేదు. తప్పు మాదే. ఈ పదకొండేళ్ళలో ఆ మాట నేను పైకి అనడం ఇదే మొదటిసారి.

బుధవారం ఏడున్నరకు యమగండం మొదలవుతుంది కాబట్టి ఏడుంబావుకే వాకిలి దాటాం. చూశారా, అంత జాగ్రత్త మాకు. వీధి చివర మరిది వ్యాను కడుగుతూ కనిపించాడు. మా చెంగమ్మత్త మనవరాలికి ఆ రోజు కిరుమాంబాక్కంలో సీమంతం, గాజులు తొడిగే వేడుక. చెంగమ్మత్త ఈ ఇద్దరు దామోదరన్లకూ సొంత మేనత్త, ఎనభై దాటిన మనిషి, రెండు ఇళ్ళలోనూ ఆమె మాట చెల్లుతుంది. వీధిలో ఆడవాళ్ళందరినీ ఎక్కించుకొని యమగండం పోయాక తొమ్మిదింటికి వ్యాను బయలుదేరుతుందని అందరికీ తెలుసు. మమ్మల్నీ పిలిచింది, ఏదో చెప్పి తప్పించుకున్నాం. మరిది మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. మా ఆయన అంతకంటే గట్టిగా తిప్పుకున్నాడు.

హాస్పిటల్లో గుండె డాక్టరు జయప్రియ, మా తమిళరసి వయసే ఉంటుంది. మమ్మల్ని చూడగానే మండిపడింది. "ఆదివారం ఫోన్ చేయిస్తే బుధవారమా రావడం?" నేను తల దించుకున్నాను. మా ఆయన్ని పడుకోబెట్టి, చేతులకూ కాళ్ళకూ క్లిప్పులు తగిలించి మళ్ళీ ఇసిజి తీశారు. మిషను నుంచి కాగితం జారుతుంటే నేను కులదేవతను తలుచుకున్నాను. డాక్టరమ్మ కాగితం చూసింది. మళ్ళీ చూసింది. శిబిరం నాటి కాగితం పక్కన పెట్టి చూసింది.

"ఈరోజు డెబ్బై రెండు. అంతా బాగుంది" అంది. బాగుందన్నందుకు ఆమె మొహంలో సంతోషమేమీ లేదు. "ఆదివారం దాంట్లో గుండె పై గదులు ఒక దారి, కింది గదులు ఒక దారి. పైనుంచి వచ్చే కరెంటు కిందికి దిగడం లేదు. వయసు మళ్ళినవాళ్ళలో కొందరికి ఇది వచ్చి పోతూ ఉంటుంది. ఒక రోజంతా మిషను తగిలించి చూద్దాం. టిఫిన్ తినేసి పదింటికల్లా రండి."

రెండు కాగితాలూ నా చేతికిచ్చింది. వరండాలో నడుస్తూ చూశాను. గీతల సంగతి నాకేం తెలుస్తుంది? కానీ పైన మూలన అంకెలున్నాయి, అవి చదవగలను. ఈరోజు కాగితం మీద ఎనిమిదీ ముప్పై ఒకటి. ఆదివారం కాగితం మీద ఏడూ పన్నెండు.

ఆదివారం ఏడూ పన్నెండుకు మా ఆయన మటన్ అంగడి ముందు వరుసలో నిలబడి ఉన్నాడు. తొమ్మిదింటికి గానీ ఇల్లు చేరలేదు. మేము శిబిరానికి వెళ్ళేసరికి పది.

నాకు ఇంకొకటి కూడా తెలుసు. ఆ పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే మరిది మండపం వైపు నుంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ నడిచి వచ్చాడు. ట్రిప్పు ఉందని అందరికంటే ముందు వెళ్ళి చూపించుకొని వచ్చాడని మధ్యాహ్నం ఎవరో అంటే విన్నాను. రిజిస్టరులో ఒకే పేరు, ఒకే వయసు, ఒకే వీధి రెండుసార్లు కనిపించేసరికి, ఒకే మనిషికి రెండుసార్లు తీశారనుకొని ఉంటుంది ఆ అమ్మాయి. ఒక పేరు కొట్టేసి, మా నంబరున్న పేరుకు మరిది కాగితం జతచేసింది.

ముప్పై నాలుగు మా ఆయనది కాదు. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే, అబద్ధం చెప్పను. గోడ గడియారం చూశాను. ఎనిమిదీ ముక్కాలు. వ్యాను బయలుదేరడానికి ఇంకా పావుగంట ఉంది.

నేను ఏమీ అనలేదు.

ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. మూడు రోజులుగా కంచం తోసేసిన మనిషి, డెబ్బై రెండు అని వినగానే నాలుగు ఇడ్లీలు చెప్పాడు, ఆపైన పొంగలి. చట్నీ మళ్ళీ పోయించుకున్నాడు. ఆయన మొహంలోకి రంగు తిరిగి వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు చెప్తే ఆ ముద్ద గొంతు దిగదు అనుకున్నాను. తిననీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. అడుగున ఇంకో మాట కూడా ఉంది. పదకొండేళ్ళు మొహం తిప్పుకున్న మనిషి కోసం నేనెందుకు తొందరపడాలి? ఆ మాట నా బుర్రలోనే పుట్టింది, ఎవరో పెట్టింది కాదు.

"ఏందే, ఆ పేపర్లని అట్టా చూస్తా ఉండావు?"

"ఏమీ లేదు. తినండి."

కాఫీ వచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగాడు. గ్లాసు కింద పెట్టాక తొమ్మిదిన్నరకు చెప్పాను. కాగితాలు బల్లమీద పరిచి, అంకెలమీద వేలు పెట్టి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను.

పగ కదా, కాసేపు ఆలోచిస్తాడనుకున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"వ్యాను! వాడు వ్యాను తోలతా ఉంటాడే! తొమ్మిదికి కదా కదిలేది?" అరిచాడు. హోటలంతా మా వైపు తిరిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే" అన్నాను.

రోడ్డుమీదికి పరుగెత్తాడు. మరిది నంబరు మా ఇద్దరి ఫోన్లలోనూ లేదు, ఎప్పుడో తీసేశాం. చెంగమ్మత్తది ఉంది. ఆటో ఆపి, కడలూరు రోడ్డు అని చెప్పి, ఎక్కుతూనే ఫోన్ కలిపాడు. చెవులు వినపడవు కాబట్టి స్పీకరు పెట్టాడు. ఐదుసార్లు మోగాక ఎత్తింది. వెనకాల వ్యానులో పాటలు, ఆడవాళ్ళ నవ్వులు.

"అత్తా, యాడుండారు మీరు?"

"మురుంగపాక్కం దాటతా ఉండాం. దారంతా ఆపి ఆపి మనుషుల్ని ఎక్కించుకున్నాడు, అందుకే లేటు. ఏందిరా పెద్దోడా, గొంతు అట్టుంది?"

"అత్తా, నేను చెప్పేది విను. పైకి ఏమీ అనొద్దు. చిన్నోడి గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదు. ఆదివారం తీసిన ఇసిజిలో తెలిసింది, డాక్టరు చెప్పింది. వాడికి తెలీదు. ఎప్పుడైనా మయక్కం వచ్చి పడిపోతాడు. వ్యాను నిలపమను."

పాటలు మాత్రమే వినిపించాయి.

"ముందు వంతెన వస్తాది" అంది చెంగమ్మత్త, నెమ్మదిగా.

"తెలుసు. అందుకే చెప్తా ఉండా. ఏదో ఒకటి చెప్పి నిలుపు, అత్తా."

తర్వాత ఆమె గొంతు వ్యానంతా మోగింది. "చిన్నోడా, నిలుపురా! నాకు అర్జెంటు!"

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. మరిది గొంతు దూరంగా వినిపించింది. "వంతెన దాటితే పెట్రోలు బంకు ఉంది అత్తా, ఐదు నిముసాలు ఓర్చుకో."

"ఐదు నిముసాలు ఓర్చుకుంటే నీ సీటు కడుక్కోవాల్సి వస్తాది. నిలుపురా అంటే!"

ఫోను కట్టయింది. వ్యాను ఆగిందో లేదో తెలియలేదు. మళ్ళీ కలిపాడు, ఎత్తలేదు. ముదలియార్‌పేట దగ్గర బస్సుల వెనక ఇరుక్కుపోయాం. ఆటో నడిపే వెట్రివేల్ మంచివాడు, సందులన్నీ తెలిసినవాడు, అయినా ఆ రోడ్డుమీద ఎవరేం చేయగలరు? మా ఆయన ముందు కమ్మీ పట్టుకొని సగం లేచి నిలబడ్డాడు. నిన్నటిదాకా నాడి పట్టుకొని మూలుగుతున్న మనిషి. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. వంతెన అంటే కింద ఏరు, పక్కన నడుమెత్తు పిట్టగోడ. వ్యానులో పదిహేడు మంది ఆడవాళ్ళు. తొమ్మిదికి ముందే చెప్పి ఉంటే ఆ వ్యాను మా వీధి చివరే ఉండేది. ఆ లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది.

వంతెనకు వంద గజాల ఇవతల, రోడ్డు పక్కన వ్యాను కనిపించింది. ఇంజను ఆడుతోంది. చెంగమ్మత్త కింద నిలబడి, తలుపు పిడి గట్టిగా పట్టుకొని, ఎక్కనంటోంది. మరిది హారను కొడుతున్నాడు.

"ఎక్కత్తా! యాల అయిపోతా ఉంది. గేరు వేసుకొని కూర్చున్నా నేను!"

మా ఆయన ఆటో దిగి నేరుగా డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పదకొండేళ్ళ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా చూసుకున్నారు. మరిది మొహం బూడిద రంగులో ఉంది. పొద్దున చూసినప్పుడు నేను సరిగ్గా చూడనే లేదు.

"దిగరా చిన్నోడా. నీకు ఒడంబు బాగాలేదు. ఆదివారం తీసిన ఇసిజి నీది మాకు వచ్చింది. నీ గుండె ముప్పై నాలుగే కొట్టుకుంటా ఉంది. హాస్పిటల్‌కు పోదాం, దా."

మరిది విన్నాడు. ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు పోయింది.

"బిడ్డ పెండ్లికి పిలిచేదానికి ఏడు ఇళ్ళు దాటి రాలేకపోయినావు. నా గుండె బాగాలేదని చెప్పేదానికి ఆటో వేసుకొని ఇంత దూరం వచ్చినావా? నలుగురు ఆడోళ్ళ ముందర నన్ను ముసిలోడని చెప్పేదానికా? పో పో. నలభై ఏండ్లు తోలినా నేను, ఒక కోడిపిల్లని కూడా..."

చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. కళ్ళు పైకి తిరిగాయి. గడ్డం రొమ్ము మీద పడింది, మనిషి స్టీరింగు మీదికి ఒరిగాడు. హారను మోగడం మొదలుపెట్టింది, ఆగలేదు. క్లచ్చి మీద నుంచి కాలు జారింది. వ్యాను ఒక్క ఊపుతో ముందుకు దూకింది. లోపల కేకలు. చెంగమ్మత్త పిడి వదిలి కిందపడింది. రెండు గజాలు పోయి, దడదడమని ఊగి, ఇంజను ఆగిపోయింది. హారను మాత్రం మోగుతూనే ఉంది.

మా ఆయన కిటికీలోంచి నడుము దాకా లోపలికి దూరి మరిదిని రెండు చేతులతో వెనక్కి లాగాడు. హారను ఆగింది. ఆరో ఏడో క్షణాలు అయివుంటాయి. మరిది కళ్ళు తెరిచాడు.

"...చంపలేదు" అని మాట పూర్తిచేశాడు. చుట్టూ చూశాడు. "ఇంజను ఎవరు ఆపింది?"

ఆయనకు ఏమీ తెలియదు. అంతకంటే భయంకరమైంది నేను ఇంతవరకు చూడలేదు. తాను లేని ఆ ఏడు క్షణాలు మేమందరం చూశాం, ఆయన ఒక్కడే చూడలేదు.

"నువ్వు పోయి వచ్చినావురా" అన్నాడు మా ఆయన. "ఇప్పుడే, మా అందురి కండ్ల ముందర."

"నిద్ర సరిగ్గా లేదు, అంతే." మరిది తాళం తిప్పబోయాడు. చెయ్యి గురి తప్పుతోంది. "వీళ్ళని పదిన్నరకు చేర్చేస్తానని మాటిచ్చినా. చేర్చి వస్తా. ఆ తర్వాత మీ ఇష్టం."

మా ఆయన తాళం లాక్కోబోయాడు. ఇద్దరూ కిటికీలో చేతులు పెనవేసుకొని గుంజుకుంటున్నారు, ఒకడికి గుండె లేదు, ఒకడికి చెవులు లేవు. చెంగమ్మత్త అప్పటికి లేచి నిలబడింది. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. తుడుచుకోలేదు. వ్యాను తలుపు బార్లా తెరిచింది.

"దిగండే, అందురూ దిగండి."

మొదట ఎవరూ కదల్లేదు. వెనక సీట్లోంచి ఒకామె గాజుల పళ్ళెం పట్టుకొని దిగింది. ఆమె వెనక ఇంకొకామె, పూల బుట్టతో. తర్వాత ఒక్కొక్కరూ. పట్టుచీరలు, పళ్ళాలు, చలిమిడి డబ్బాలు అన్నీ ఆ ఎండలో రోడ్డు పక్కన వరుసగా నిలబడ్డాయి. పోయే బస్సుల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. మరిది అద్దంలోంచి చూస్తున్నాడు. సీట్లు ఖాళీ అయ్యే కొద్దీ ఆయన భుజాలు కిందికి దిగాయి.

చివరికి దిగింది ఆయన భార్య మీనా. ఆయన వెనక సీట్లోనే కూర్చొని ఉంది. ఇందాక అందరూ కేకలు పెట్టినప్పుడు ఆమె ఒక్కతే పెట్టలేదు. చుట్టూ తిరిగి వచ్చి కిటికీ దగ్గర మా ఆయన పక్కన నిలబడి చెయ్యి చాపింది.

"ఇంగ ఎవుర్ని చేర్చేది నువ్వు?" అంది చెంగమ్మత్త. "ఖాళీ వ్యాన్నా?"

మరిది తాళం తీసి మీనా చేతిలో పెట్టాడు. దిగబోతే కాళ్ళు నిలవలేదు. మా ఆయన చంకల కింద చేతులు వేసి దించి, వ్యాను మెట్టుమీద కూర్చోబెట్టి, తానూ ఆనుకొని కూర్చున్నాడు. వెట్రివేల్ అప్పటికే నూట ఎనిమిదికి ఫోన్ చేశాడు. అంబులెన్సు రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాల్లో మరిది ఇంకోసారి ఆగి వచ్చాడు. మా ఆయన ఆయన మణికట్టు పట్టుకొనే ఉన్నాడు. నాడి చూడటం ఆయనకు రాదు, ఊరికే పట్టుకున్నాడు.

"అన్నా, వదల్లేదు కదా?" అని అడిగాడు మరిది, కళ్ళు తెరవకుండా.

"లేదురా, యాడికీ పోలేదు" అన్నాడు మా ఆయన.

హాస్పిటల్లో మిషను మీద ఇరవై ఆరు అని చూపించింది. ఆ అంకె కూడా నిలకడగా లేదు, గీత మధ్యలో చదునుగా పోయి, పోయి, మళ్ళీ లేచేది. జయప్రియ డాక్టరమ్మ పరుగున వచ్చింది, రెండు కాగితాల సంగతి చెప్పాను. ముందు మెడ నరంలోంచి గుండెలోకి తాత్కాలికంగా ఒక తీగ వేసి కొట్టిస్తారట, రేపు భుజం కింద పేస్‌మేకరు పెడతారట. తలుపు మూసుకునే ముందు నా వైపు తిరిగింది. "ఈయన కబురు మూడు రోజులుగా మీ ఇంట్లో ఉందా?" అంది. ఉందన్నాను. ఆ మనిషి చావును అష్టమి, నవమి పేరు చెప్పి మా ఇంట్లో పెట్టుకొని కూర్చున్నాం. ఆమె లోపలికి వెళ్ళింది.

మా ఆయన వరండా చివర గోడకు ఆనుకొని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నాకు ఆయన దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. తలుపు ముందు బెంచీ మీద మీనా, నేను కూర్చున్నాం. గంట గడిచింది. లోపలి నుంచి ఏ కబురూ లేదు. మీనా నా చేతిని రెండు చేతుల మధ్య పట్టుకుంది.

"అక్కా, నువ్వు ఆ పేపరు చూడకపోయుంటే ఈ యాలకు మేమంతా ఏట్లో ఉందుము. నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి."

ఆ చేతుల వెచ్చదనం నేను భరించలేకపోయాను. మా ఆయనకు అబద్ధం చెప్పాను, ఈమెకు చెప్పలేకపోయాను.

"మీనా, నాకు ఎనిమిదీ ముక్కాలుకే తెలిసింది" అన్నాను. "వ్యాను అప్పటికి కదల్లేదు. ఆయన్ని టిఫిన్ తిననీలే అని ఊరుకున్నా. తిని, కాఫీ తాగినాక చెప్పినా. ముక్కాలు గంట."

మీనా చేతులు తీసేసింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ మా కాళ్ళ ముందు నుంచి పోయారు. అది మలుపు తిరిగాక, మీనా నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"మాసి నెల శివరాత్రి నుంచి చూస్తా ఉండా అక్కా. అన్నం తింటా తింటా చెయ్యి నోటి దగ్గర నిలిచిపోతాది. పది లెక్కపెట్టే లోపల మళ్ళీ తింటాడు. ఒకరోజు వాకిట్లో నిలబడే పోయినాడు, నేను పట్టుకున్నా. ఎవరికైనా చెప్తే వ్యాను వదిలేయమంటారు. వ్యాను లేకపోతే ఆయన మనిషి కాడు అక్కా, నీకు తెలుసు. అందుకని నోరు మూసుకున్నా. ఏ ట్రిప్పు పోయినా ఆయన వెనక సీట్లోనే కూర్చుంటా ఉండా, పడితే పట్టుకుందామని. ఈ పొద్దు కూడా అందుకే కూర్చున్నా. అంత మందిని ఎక్కనిచ్చి."

నేను బెంచీ మీద ఆమె వైపు జరిగాను.

"నీకు ముక్కాలు గంట" అంది మీనా. "నాకు మూడు నెలలు."

తలుపు తెరుచుకుంది. తీగ వేశామని, గుండె అరవై కొట్టుకుంటోందని, మెలకువగా ఉన్నాడని చెప్పింది నర్సు. ఒక్కరే లోపలికి రావాలంది. నేను మీనా వైపు చూశాను. ఆమె కొంగుతో మొహం గట్టిగా తుడుచుకొని లేచింది.

"ముందు నేను పోయి నా మూడు నెలల సంగతి చెప్పి వస్తా" అంది. "ఆయన్ని నా మొహం చూడనీ. ఆ తర్వాత నువ్వు రా."